అడుగంటుతున్న సహనం నిల్వలు

భూగర్భంలో చమురు ఇంకా ఎన్నేళ్లకు సరిపోతుందన్న లెక్క మీద ఎవరికీ పెద్ద బెంగ లేదు. బెంగంతా ప్రజల సహనం మీదే. తోడేకొద్దీ తరిగే సరుకది. అలాంటిదాన్ని, చమురు వాడకం ఆపాలంటూ నారింజరంగు చొక్కాలు వేసుకున్న పదిమంది వాతావరణ ఉద్యమకారులు నడిరోడ్డు మీద కూర్చుని కొన్నేళ్లపాటు అడ్డగోలుగా తోడేశారు. కాబట్టి ఈ ఆందోళనల వల్ల వాతావరణ ఉద్యమానికి మేలా, కీడా అన్న ప్రశ్నను ఇంధన పొదుపు దృష్టితో పరిశీలించక తప్పదు.

ముందు అభియోగం వినండి. బ్రిటన్‌లో సామాన్యుడు భూమిని కాపాడటానికి ఎప్పుడో సిద్ధమయ్యాడు. ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ పీకించి, అదే పని కరెంటుతో చేసే హీట్ పంప్ పెట్టించుకుందామని చెప్పులు కూడా వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే, 2022 అక్టోబరు 14న, లండన్ నేషనల్ గ్యాలరీలో జస్ట్ స్టాప్ ఆయిల్ (చమురు ఆపండి) అనే సంస్థ సభ్యులిద్దరు వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద రెండు డబ్బాల టమాటా సూపు కుమ్మరించారు. పాపం, అతని మనసు విరిగిపోయింది. చెప్పులు విప్పేశాడు. బాయిలర్ అలాగే ఉండిపోయింది.

సూపు పడింది అద్దం మీద, బొమ్మకేమీ కాలేదు. పాత చట్రం మాత్రం పాడైంది. నష్టం పది వేల పౌండ్ల దాకా ఉంటుందని కోర్టులో చెప్పారు. 2024 సెప్టెంబరులో ఒకరికి 2 ఏళ్లు, ఇంకొకరికి 20 నెలలు జైలు పడింది. ఇదే గ్యాలరీలో 1914 మార్చి 10న మేరీ రిచర్డ్‌సన్ అనే ఆవిడ మహిళలకు ఓటుహక్కు కోసం వెలాస్క్వెజ్ గీసిన వీనస్ బొమ్మను మాంసం కొట్టే కత్తితో నిజంగానే నరికింది. ఆవిడకు పడింది 6 నెలలు. అన్ని ధరలూ పెరిగాయి కదా, చట్రాల ధరా పెరిగిందనుకోవాలి.

ఇక రోడ్డు మీద కూర్చోవడం. దానికీ ఒక శాస్త్రం ఉంది. జర్మనీలో లెట్స్‌టె జెనరేషన్ (చివరి తరం) అనే వాతావరణ ఉద్యమ సంస్థ వాళ్లు అడ్డంగా వరుసకట్టి కూర్చునేవారు. చివర్లలో ఉన్నవాళ్లు అరచేతిని రోడ్డుకు అతికించుకునేవారు. మధ్యలో వాళ్లు అతికించుకోరు, ఆంబులెన్స్ వస్తే లేచి దారి ఇవ్వాలి కాబట్టి. కాగితం మీద బ్రహ్మాండమైన ఏర్పాటు. చిక్కల్లా ఏమిటంటే ఆంబులెన్స్ వచ్చి బ్యానర్ ముందు నిలబడదు. రెండు కిలోమీటర్ల వెనక, అన్ని వరుసలూ నిండిపోయిన కార్ల మధ్య ఇరుక్కుంటుంది. లేవాల్సినవాళ్లకు దాని సైరన్ కూడా వినపడదు. మర్నాడు పేపర్లో మాత్రం అదే పతాక శీర్షిక.

సూపర్‌గ్లూ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. చర్మం మీది తేమ తగలగానే క్షణాల్లో గట్టిపడే రసాయనం అది. కానీ తారురోడ్డు నున్నటి పలక కాదు, అన్నీ గుంతలూ కంకర మొనలే. జిగురు సందుల్లోకి దిగిపోయి చేతికి ఆనేది కొంచెమే. పోలీసులు తాపీగా మోకాళ్ల మీద కూర్చుని, వంటనూనెలో ముంచిన బ్రష్షుతో అంచుల వెంట రాసి, మెల్లగా ఊడదీసేవారు. చమురు ఆపండని అతుక్కున్న మనిషిని విడిపించేది చివరికి నూనే! కొన్నిచోట్ల గోళ్లరంగు తుడిచే అసిటోన్‌తోనూ ఊడదీస్తారు. లోకంలో తయారయ్యే అసిటోన్‌లో చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చే బెంజీన్, ప్రొపిలీన్‌లతో చేసిందే. ఉద్యమం తర్వాత తెలివి మీరింది. జిగురులో ఇసుక కలిపారు. అది రాయిలా బిగిసిపోతే రోడ్డునే కోయాల్సి వచ్చింది. తారుపెళ్ల అంటుకున్న చేతితో ఆందోళనకారుడు ఆసుపత్రికి, చెయ్యంత గుంతతో రోడ్డు మున్సిపాలిటీకి.

ఈ సమయంలోనే సామాన్యుడిలో ఒక పర్యావరణవేత్త మేల్కొంటాడు. 'ఇన్ని కార్లు ఇంజన్లు ఆపకుండా నిలబడితే ఎంత పొగ!' అని వాపోతాడు. అంతకుముందు ఎన్నడూ పొగ గురించి మాట్లాడనివాడు. సరే, ఆ లెక్కా చూద్దాం. 2022 నవంబరులో నాలుగు రోజులు, లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారి మీద 45 మంది జస్ట్ స్టాప్ ఆయిల్ వాళ్లు సూచిక బోర్డుల ఇనుప చట్రాలెక్కారు. ప్రాసిక్యూషన్ చెప్పిన ప్రకారం 7,09,000 మంది డ్రైవర్లు ఇబ్బంది పడ్డారు, మొత్తం ఆలస్యం 50,834 గంటలు. అన్ని బళ్లూ ఇంజన్ ఆపకుండానే నిలబడ్డాయనీ, గంటకు లీటరు తాగాయనీ అనుకున్నా యాభై వేల లీటర్లు. బ్రిటన్ రోడ్ల మీద ఏడాదికి కాలేది రమారమి 4,600 కోట్ల లీటర్లు. అంటే యాభై వేల లీటర్లు అక్కడ నిమిషం లోపు వ్యవహారం.

అదే అంకెలను తలసరిగా పంచితే మనిషికి నాలుగు నిమిషాల పైచిలుకు ఆలస్యం. నాలుగు నిమిషాలకే ఇంత గోలా అని ఉద్యమం వారు అడగవచ్చు. అడగకపోతేనే మంచిది. ఎందుకంటే సగటు ఆలస్యం ఎవరికీ జరగదు. ఒకరికి పరీక్ష పోయింది, ఒకరికి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పోయింది, ఒక పోలీసు మోటార్‌సైకిల్ మీంచి పడి దెబ్బలు తగిలించుకున్నాడు. వీళ్లలో ఎవరికీ చమురు కంపెనీల బోర్డులో సీటు లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపితే దుత్త ఊరుకున్నా చూసేవాళ్లు ఊరుకోరు.

బ్రిటన్‌లోనే పుట్టిన మరో వాతావరణ ఉద్యమ సంస్థ ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ ఒకే ఏడాదిలో మేలు, కీడు అనే రెండు పాఠాలూ నేర్పింది. 2019 ఏప్రిల్‌లో లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్ కూడలిలో గులాబీరంగు పడవ నిలబెట్టారు, వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. మే 1న పార్లమెంటు వాతావరణ అత్యవసర స్థితి ప్రకటించింది, జూన్‌లో 2050 నాటికి నెట్ జీరో (వదిలే కర్బనం, తొలగించే కర్బనం సరిసమానం) లక్ష్యం చట్టమైంది. అదే సంస్థ సభ్యులు అక్టోబరు 17న కానింగ్ టౌన్‌లో పొద్దున్నే పనికి పోయేవాళ్ల రైలెక్కి పైన నిలబడ్డారు. అదేమో కరెంటుతో నడిచే రైలు! ప్రయాణికులు కాళ్లు పట్టి కిందికి లాగేశారు.

ఇక పండితుల తీర్పు. ఫైన్‌బర్గ్, విల్లర్ అనే ఆచార్యులు మరొకరితో కలిసి 2020లో తేల్చారు: తీవ్రమైన నిరసన చూస్తే జనం ఉద్యమానికి దూరం జరుగుతారు. అదే ఇద్దరూ సింప్సన్‌తో కలిసి 2022లో మళ్లీ తేల్చారు: తీవ్రవర్గం చేసే అల్లరి పక్కనున్న మితవాదులకు మద్దతు పెంచుతుంది. రెండూ నిజమే. తిట్లు ఒకరికి, చందాలు ఇంకొకరికి. పైన చెప్పిన ఎం25 వారంలోనే చేసిన సర్వేలో ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే మితవాద పర్యావరణ సంస్థకు మద్దతు 50.3 శాతం నుంచి 52.9 శాతానికి పెరిగింది. వ్రతం ఒకరు చెడగొట్టుకుంటే ఫలం పక్కింటివారికి దక్కిందన్నమాట. మర్యాదస్తుల సంఘాలు ప్రతి ఏటా బడ్జెట్‌లో ఒక పద్దు 'సూపు ఖర్చు' కింద రాసుకోవడం ధర్మం.

'మరి మీ మద్దతు తగ్గిందా?' అని జనాన్నే అడిగితే? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2022లో అమెరికన్లను అడిగింది. 46 శాతం తగ్గిందన్నారు, 13 శాతం పెరిగిందన్నారు, మిగతావాళ్లు తేడా లేదన్నారు. ఈ 46 శాతం మీద నాకు గౌరవం ఉంది గానీ నమ్మకం తక్కువ. ఎదుటివాడి మీద చిరాకు ఉన్నప్పుడు, నీ మనసు మారిందా అంటే మారిందనే చెప్తాం. 1961లో గాలప్ సర్వే సంస్థ అడిగితే, బస్సుల్లో జాతి వివక్షను ఎదిరిస్తూ ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్ల పని నచ్చలేదని 61 శాతం అమెరికన్లు చెప్పారు. వాళ్ల మనవలు ఇవాళ ఆ బస్సుల ఫొటోలు చూసి కళ్లు తుడుచుకుంటారు.

అసలు నష్టం సర్వేలో కనపడదు, చట్టాల పుస్తకంలో కనపడుతుంది. 2022లో బ్రిటన్ కొత్త చట్టం ప్రజలకు ఇబ్బంది కలిగించే నేరానికి గరిష్ఠంగా పదేళ్లు పెట్టింది. 2023లో గొలుసుతోనో జిగురుతోనో అతుక్కోవడమే ప్రత్యేక నేరమైంది. 2024 జులైలో ఎం25 కేసులో జస్ట్ స్టాప్ ఆయిల్ స్థాపకుల్లో ఒకరైన రోజర్ హాలమ్‌కు 5 ఏళ్లు, మరో నలుగురికి 4 ఏళ్ల చొప్పున వేశారు. చట్రం ఎక్కినందుకు కాదు, ఎక్కించే పథకం మీద జూమ్ కాల్‌లో మాట్లాడినందుకు. అప్పీలులో కొంత తగ్గింది లెండి. జనానికి వచ్చిన చిరాకు నాలుగు రోజుల్లో పోయింది. చట్టం మాత్రం ఉండిపోయింది, రేపు వేరే ఎవరు రోడ్డెక్కినా పనికొస్తుంది.

సంతోషకరమైన విషయం ఏమిటంటే సహనం తోడకాలు ఆగిపోయాయి. ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ 2023 మొదట్లోనే దారులు అడ్డుకోవడం పక్కన పెట్టింది. జర్మన్లు 2024 జనవరిలో జిగురు మానేశారు. కొత్త చమురు లైసెన్సులు ఇవ్వబోమని బ్రిటన్ ప్రభుత్వం అంది కాబట్టి గెలిచామని చెప్పి, జస్ట్ స్టాప్ ఆయిల్ 2025 మార్చిలో నారింజ చొక్కాలు మేకుకు తగిలిస్తామంది. ఇప్పుడు సూపు లేదు, జిగురు లేదు. సహనం నిల్వలు మళ్లీ నిండి ఉండాలి. సామాన్యుడు బాయిలర్ ముందు నిలబడి, ఈ ఒక్క చలికాలం పోనీమంటున్నాడు.