గోంగూర చెల్లని పదమట!

విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి, కాలక్షేపానికని మా అమ్మాయీ నేనూ ఫోన్లో పదాల ఆట తెరిచాం. ఇచ్చిన అక్షరాలు గోం, గూ, ర, క, ల, ప. 'పలక' ఒప్పుకుంది. 'కలప' ఒప్పుకుంది. 'గోంగూర' పెట్టాం. గళ్ళన్నీ ఎర్రబడ్డాయి. చెల్లని పదమట! గుంటూరు బస్సులో కూర్చుని ఈ మాట వినాలా? 'లప' అంటే మాత్రం మార్కులిచ్చింది. ఏమిటండీ 'లప'? ఏ ఊళ్లో అంటారు?

ఇంకో ఆట మరీ ఘోరం. 'స్త్రీ'కి ఆరు గళ్ళు! కంప్యూటర్ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలుగా ఉంటుంది, నిజమే. ఆడేవాళ్లకు అదెందుకు? మనకది ఒక్క అక్షరం. పలక మీద గుణింతం దిద్దిన పిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు ఒక్క 'క' గుణింతమే ఎంతుంది! ఇంగ్లీషు అక్షరాలకు అల్లిన ఆటను తెచ్చి తెలుగు మీద రుద్దితే ఎలా? తెలుగు తెలిసినవాళ్లతో ఒక్కసారైనా ఆడించి చూడరా?

వారధి దాటాక మా అమ్మాయి అడిగింది, "నాన్నా, గోంగూర తెలుగు కాదా?" అని. ఒళ్ళు మండిపోయింది.