మూలిగిన ప్రతి పంపూ పోయినట్టు కాదు

"పాత స్పోర్ట్స్ కారు స్టీరింగ్ మూలిగితే పంపు పోయినట్టే. ముందు లీకు ఆపే మందు పోసి చూడండి, ఆయిల్ ఏదైనా ఫర్వాలేదు. తగ్గకపోతే బెల్టు కోసి పారేసి, పైపులు ఒకదానికొకటి కలిపేయండి. అసలు స్పోర్ట్స్ కారు మజా అప్పుడే తెలుస్తుంది."

పాత కార్ల పిచ్చి ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు, అందులో ఒకరు మా బావ. దానికి తగిలించిన ఫొటోలో ఉన్నది మజ్దా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన మొదటి తరం, అమెరికాలో మియాటా అంటారు. డాలస్‌లో నా దగ్గరున్నదీ అదే, 1994 మోడల్. కాబట్టి ఆ కారునే ముందు పెట్టుకుని మాట్లాడతాను.

మొదటి మాట, మూలిగితే పంపు పోయినట్టేనని. పంపు అంటే పవర్ స్టీరింగ్ పంపు, ఇంజన్ బెల్టుతో తిరుగుతూ, స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఆయిల్‌ను ఒత్తిడితో తోసేది. నా కారు కూడా మూలిగింది. జనవరిలో పొద్దున్నే స్టార్ట్ చేసి పార్కింగ్‌లోంచి వెనక్కి తీస్తూ స్టీరింగ్ కోస్తే, ముసలి గేదె అరిచినట్టు ఒకటే మూలుగు. చూపించిన చోట మెకానిక్ బానెట్ పూర్తిగా ఎత్తకముందే "పంపు మార్చాలి" అన్నాడు. ఇంటికొచ్చి పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీశాను. లోపల ఎర్రగా, పారదర్శకంగా ఉండాల్సిన ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగు నురగతో ఉంది. రోగం అక్కడే దొరికింది. ఆయిల్‌లోకి గాలి పడుతోంది, పంపు ఆ బుడగల్ని నమలలేక మూలుగుతోంది.

గాలి ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బా నుంచి పంపుకు ఆయిల్ వెళ్లే రబ్బరు పైపులో ఒత్తిడి ఉండదు, పైగా పంపు లోపలికి లాగుతుంది. ముప్పై ఏళ్ల రబ్బరు గట్టిపడి, క్లిప్పు దగ్గర పట్టు వదిలేస్తే అక్కడ గాలి లోపలికి దూరుతుంది. విచిత్రం ఏంటంటే, కింద ఒక్క చుక్క కూడా కారకపోవచ్చు. లీకు లేదు కాబట్టి పంపే అనుకుంటారు. నా పైపును గోటితో నొక్కితే ప్లాస్టిక్‌లా టకటకమంది.

శబ్దాలన్నీ ఒకటి కావు కూడా. చలిలో, స్టీరింగ్ చివరిదాకా కోసినప్పుడు కీచుమంటే అది బెల్టు వదులైందనో, అరిగి నున్నగా అయిందనో అర్థం. చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుంటే వినిపించే బుస్సు రోగమే కాదు, అది ఒత్తిడి మితిమీరకుండా వదిలే ప్రెషర్ రిలీఫ్ వాల్వు తెరుచుకున్న చప్పుడు. అలా ఐదు సెకన్లకు మించి పట్టుకోకండి, ఆయిల్ కాగిపోతుంది. మరి పంపు నిజంగా పోయిందని ఎప్పుడనాలి? గాలంతా తీసి, ఆయిల్ సరిగ్గా నింపాక కూడా మూలుగు ఆగకపోతే. లేదా బెల్టు తీసి పుల్లీని, అంటే బెల్టు తిప్పే పంపు చక్రాన్ని, చేత్తో తిప్పితే గరగరమంటే. లేదా ఆయిల్‌లో ఇనప పొడి మెరుస్తుంటే.

ఇక "ఏ ఆయిలైనా" అనే మాట. మొత్తం మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదమైంది ఇదే. ఈ మియాటాలో పోసేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే డెక్స్‌రాన్ రకం ఎర్ర ఆయిల్. పాత హోండాలకు కంపెనీ చెప్పిన ఫ్లూయిడ్ వేరు, చాలా జర్మన్ కార్లలో పచ్చ రంగు హైడ్రాలిక్ ఫ్లూయిడ్ పోస్తారు. రంగు చూసి కాదు, కారు మాన్యువల్ చూసి పోయాలి. "హైడ్రాలిక్కే కదా" అని బ్రేక్ ఆయిల్ పోస్తే మాత్రం సీళ్లు ఉబ్బి, మెత్తబడి, పంపు నుంచి ర్యాక్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను అటూ ఇటూ తోసే భాగం) దాకా అన్నీ పాడవుతాయి. అప్పుడు మెసేజ్ పంపినవాడు చెప్పినట్టే పంపు పోతుంది!

లీకు ఆపే మందు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది గట్టిపడిన రబ్బరును కాస్త మెత్తబరిచి ఉబ్బిస్తుంది. చిన్న చెమ్మ అయితే కొన్నాళ్లు ఆగుతుందేమో. తెగిన సీలుకు, వదులైన క్లిప్పుకు అది ఏమీ చేయలేదు. ముందు లీకు ఎక్కడో చూడాలి. ర్యాక్ రెండు చివరలా ముడతల రబ్బరు బూట్లు ఉంటాయి. వాటిని పిండితే లోపల బుడబుడమంటోందా, ర్యాక్ సీళ్లు పోయినట్టే. అప్పుడు ఏ మందూ పనికిరాదు.

మెసేజ్‌లో లేని సంగతి ఒకటి: స్టీరింగ్ బరువెక్కితే ప్రతిసారీ తప్పు హైడ్రాలిక్‌ది కాదు. ఈ కారుకు మజ్దా చెప్పిన టైరు గాలి 26 పీఎస్ఐ. 18కి దిగితే ఏ పవర్ స్టీరింగైనా బరువే. ఇంజన్ ఆపి, ముందు చక్రాలు జాకీ మీద లేపి స్టీరింగ్ తిప్పి చూడండి. ఒకచోట తేలిగ్గా, ఒకచోట పట్టేసినట్టు ఉంటే స్టీరింగ్ రాడ్ జాయింట్ తుప్పు పట్టి ఉండొచ్చు.

చివరికి బెల్టు కోసేయడం, పైపులు కలిపేయడం. ఇందులో సగం నిజం ఉంది. మియాటా బేస్ మోడల్ పవర్ స్టీరింగ్ లేకుండానే వచ్చేది, టన్ను బరువున్న ఆ కారు నడిపితే నిజంగానే రోడ్డు చేతికి తెలుస్తుంది. కానీ దాని ర్యాక్ వేరు. స్టీరింగ్ ఎంత తిప్పితే చక్రం ఎంత తిరుగుతుందనే నిష్పత్తి దానికి సుమారు 18:1, పవర్ ర్యాక్‌ది 15:1. అంటే పవర్ ర్యాక్ తక్కువ తిప్పుతో ఎక్కువ కోస్తుంది, సాయం తీసేస్తే ఆ బరువంతా మన భుజాల మీదే. పైపులు కలిపేసినా ర్యాక్ లోపల పిస్టన్, సీళ్లు అలాగే ఉంటాయి. ప్రతి మలుపులో ఆయిల్‌ను అటూ ఇటూ మనమే తోయాలి. ఆయిల్ తీసేసి పైపులు మూసేద్దామా అంటే, ఆయిల్‌తో తడిసి ఉండాల్సిన భాగాలు ఎండి తుప్పు పడతాయి. పైగా స్టీరింగ్ షాఫ్ట్‌లో వాల్వు తెరవడానికి మెలితిరిగే సన్నని రాడ్ ఒకటి ఉంటుంది. ఒత్తిడి లేనప్పుడు స్టీరింగ్ నడిమధ్యలో కాస్త ఆట, అంటే లూజు, వస్తుంది, మెసేజ్ చెప్పే "మజా" అక్కడే పోతుంది. పద్ధతిగా చేసేవాళ్లు ర్యాక్ విప్పి, పిస్టన్ సీలు తీసి, ఆ ఆటను వెల్డింగ్‌తో కట్టేసి, గ్రీజు పెట్టి బిగిస్తారు. అలా చేసిన కారు నడపడానికి బాగుంటుంది, కాదనను. అది కత్తెరతో అయ్యే పని మాత్రం కాదు.

ఇంకో చిక్కు. ఏసీ ఉన్న మియాటాల్లో పవర్ స్టీరింగ్ పంపును, ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఒకే బెల్టు. దాని బిగువు సర్దేది కూడా పంపును జరిపే.

నా కారుకు చివరికి పట్టింది ఒక పైపు, రెండు క్లిప్పులు, ఒక శనివారం. పెద్ద సిరంజితో డబ్బాలో నురగ ఆయిల్ లాగేసి, కొత్త ఏటీఎఫ్ పోసి, ముందు చక్రాలు లేపి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవైసార్లు నెమ్మదిగా తిప్పాను. బుడగలు తగ్గాక స్టార్ట్ చేసి మళ్లీ తిప్పాను. రెండు రోజుల్లో డబ్బాలో ఆయిల్ తేటపడింది, మూలుగు పోయింది.

గట్టిపడ్డ పాత పైపు ఫొటో తీసి ఫీనిక్స్‌లో ఉన్న బావకు పంపాను. అక్కడప్పుడు ఎండలు మొదలయ్యాయి. కాసేపటికి ఫోన్ చేసి, "బాగానే ఉంది గానీ, మొన్న బెల్టు కోసినప్పటి నుంచి నా దాంట్లో ఏసీ చల్లగా రావట్లేదురా, గ్యాస్ అయిపోయిందంటావా?" అన్నాడు.