అసోసియేషన్ అంటే చందాల కమిటీ కాదండీ

కాలనీ అసోసియేషన్లు వినాయక చవితి చందాలకి తప్ప ఎందుకూ పనికిరావని ఆర్టికల్‌లో రాశారు, చదివి చాలా బాధేసింది. మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) దగ్గర కాప్రా వైపు పాత కాలనీ. 1967లో ఈసీఐఎల్ వచ్చాకే కదా ఇటు ఇళ్ళు పెరిగింది, ఏ.ఎస్.రావు నగర్‌కి ఆ పేరు కూడా కంపెనీ మొదలుపెట్టిన రావు గారిదే. మా నాన్నగారు ఇల్లు కట్టేటప్పటికి రోడ్డు లేదు డ్రైనేజీ లేదు, నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలీదు, అప్పుడు నలుగురూ కలిసి అసోసియేషన్ పెట్టుకుని అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితేనే ఒక్కోటీ వచ్చాయి. 2007లో కాప్రా మున్సిపాలిటీని మిగతా 11 మున్సిపాలిటీలతో పాటు హైదరాబాద్ నగర కార్పొరేషన్ అయిన జీహెచ్‌ఎంసీలో కలిపేశాక పనులన్నీ వాళ్ళే చూస్కుంటారులే అని చాలామంది మీటింగులకి రావడం మానేశారు.

అసలు కష్టం అప్పుడే తెలిసింది. లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగాలో ఒకాయన రాత్రికి రాత్రి ప్రహరీ కట్టేశాడు, మా పాత సెక్రటరీ గారు దాచిన లేఅవుట్ కాపీ, మీటింగుల్లో తీర్మానాలు రాసుకున్న మినిట్స్ బుక్ లేకపోతే ఆ జాగా పోయేదే! ఇప్పుడక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు, 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. కానీ ఏటా జనరల్ బాడీ, అంటే సభ్యులందరి మీటింగు పెట్టి లెక్కలు అందరి ముందూ చదవాలి, అది మానేసిన చోటే గొడవలు మొదలవుతున్నాయి. అద్దెకుండేవాళ్ళని కూడా మీటింగులకి పిలవండి, నీళ్ళు రాకపోతే ఇబ్బంది వాళ్ళకీ ఉంటుంది కదా.