ఓడ దారి కంటే ఓడ వేళ ముఖ్యం

సరుకు ఓడల ప్రయాణాన్ని పొదుపుగా మలచడం అనగానే అందరి దృష్టీ పటం మీద గీసే గీత వైపే పోతుంది. ఏ జలసంధి గుండా వెళ్లాలి, తుపానును ఏ వైపు నుంచి తప్పించుకోవాలి, కాలువ సుంకం కట్టడం లాభమా, చుట్టు తిరిగి వెళ్లడం లాభమా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే సాఫ్ట్‌వేర్లు ఏటికేడు పదునెక్కుతున్నాయి. పరిమాణం లెక్కన ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా సముద్రం మీదుగానే సాగుతోంది కాబట్టి ఈ శ్రద్ధ అవసరమే. అయితే ఇంధనం అన్యాయంగా తగలబడుతున్నది దారి తప్పుగా ఎంచుకోవడం వల్ల అనేకంటే, ఖాళీ లేని రేవుకు పరుగున చేరుకోవడం వల్ల అనడమే సరైనదని నా అభిప్రాయం.

దారి లెక్క చాలావరకు పరిష్కారమైనదే. భూమి గుండ్రంగా ఉన్నందున యోకోహామా నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి నావికా పటం మీద ఉత్తరాన అల్యూషన్ దీవుల వైపు వంపు తిరిగి కనిపిస్తుంది. శీతాకాలంలో ఆ వంపును గుడ్డిగా పట్టుకుపోతే ఎదురు అలలు ఓడ వేగాన్ని, సరుకును కూడా మింగేస్తాయి. 2020 నవంబరు 30న పసిఫిక్‌లో వన్ ఏపస్ అనే ఓడ భారీ ఊగిసలాటకు లోనై 1,800కు పైగా కంటెయినర్లను సముద్రం పాలు చేసుకుంది. గాలులను, ప్రవాహాలను దారి లెక్కలోకి తీసుకోవడం కొత్త విషయమేమీ కాదు. అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటెయిన్ మౌరీ పాత ఓడల లాగ్ పుస్తకాల నుంచి ఆ వివరాలను ఏరి, 1847 నుంచే పటాలుగా ప్రచురించడం మొదలుపెట్టారు. ఇప్పుడు అదే పనిని ఉపగ్రహాలు, కంప్యూటర్లు గంటగంటకూ చేస్తున్నాయి.

వేగం సంగతి వేరు. ఓడ ఇంజిన్‌కు కావలసిన శక్తి దాదాపుగా వేగపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 3,600 నాటికల్ మైళ్ల ప్రయాణానికి 15 నాట్ల (గంటకు 15 నాటికల్ మైళ్ల) వేగంతో రోజుకు 40 టన్నుల ఇంధనం తాగే ఓడను తీసుకుందాం. అది 10 రోజుల్లో 400 టన్నులు మండించి రేవు ముందుకు చేరుతుంది. బెర్తు, అంటే రేవులో ఓడ ఆగి సరుకు దించే చోటు, ఖాళీ లేక మరో రెండున్నర రోజులు లంగరు వేసుకుని నిలబడుతుంది. అదే ఓడ మొదటి నుంచీ 12 నాట్లతో నడిచి ఉంటే, పన్నెండున్నర రోజుల తర్వాత సరిగ్గా బెర్తు ఖాళీ అయ్యే వేళకు చేరేది. అందుకు రోజుకు 20.5 టన్నుల చొప్పున సుమారు 256 టన్నులు సరిపోయేవి. సరుకు దిగే రోజు మారలేదు, కానీ దాదాపు 144 టన్నుల ఇంధనం మిగిలేది, దానితో పాటు 450 టన్నుల మేర కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఉండేది. అంతటి ఆదాను ఒక్క దారి మార్పుతో సంపాదించడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కష్టమే.

ఇంత తేలికైన లెక్క కెప్టెన్లకు తెలియదా? తెలుసు. వారి చేతులు కట్టేస్తున్నది ఒప్పందమే. సరుకును వీలైనంత త్వరగా చేర్చాలన్న షరతు చార్టర్ ఒప్పందాల్లో (ఓడను అద్దెకు తీసుకునే ఒప్పందాల్లో) తరతరాలుగా ఉంది. కావాలని నెమ్మదిగా నడిపితే యజమాని మీద ఒప్పంద భంగం దావా పడవచ్చు. ముందొచ్చిన ఓడకు ముందు బెర్తు అనే పద్ధతి ఉన్న రేవుల్లో, నిదానించిన ఓడ వరుసలో వెనక్కి పోతుంది. పైగా ఓడ రేవుకు చేరి సిద్ధమైనట్లు నోటీసు ఇచ్చాకే సరుకు ఎక్కించే, దించే గడువు లెక్క మొదలవుతుంది. ఆ గడువు దాటితే యజమానికి డెమరేజ్ అనే ఆలస్యపు పరిహారం వస్తుంది. అంటే ఇంధనం ఖర్చును ఒకరు, ఆలస్యపు పరిహారాన్ని మరొకరు చూసుకునే ఈ ఏర్పాటులో, నిదానంగా రావడం వల్ల కలిగే లాభం ఎవరి ఖాతాలో పడాలో తేలదు. తేలని లాభం కోసం ఎవరూ ముందడుగు వేయరు.

రేవు బయట నిరీక్షణ కేవలం డబ్బు వ్యవహారం కూడా కాదు. 2007 జూన్ 8న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు బయట బొగ్గు కోసం 50కి పైగా ఓడలు వేచి ఉన్న సమయంలో తుపాను విరుచుకుపడింది. వాటిలో ఒకటైన పాషా బల్కర్ ఊరి బీచ్ మీదికే కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయింది. సిబ్బందిని హెలికాప్టర్లతో కాపాడగలిగారు గానీ, ఓడను తిరిగి నీటిలోకి లాగడానికి జూలై మొదటి వారం వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ రేవు, ఓడ వచ్చి నిలబడ్డ క్షణంతో కాకుండా ముందే ఖరారు చేసిన వేళతో వరుసను ముడిపెట్టింది. దాంతో వరుసలో స్థానం పోతుందన్న భయం లేకుండా ఓడలు దూరంలోనే వేగం తగ్గించుకునే వీలు కలిగింది.

నిబంధనలు రాసేవారు కూడా ఈ కోణాన్ని పట్టించుకోవాలి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నిబంధనల ప్రకారం 2023 జనవరి 1 నుంచి ఓడల కార్బన్ తీవ్రతను కొలిచి ఎ (ఉత్తమం) నుంచి ఇ (అధమం) వరకు శ్రేణులు ఇస్తున్నారు. ఉద్గారాలను ఓడ మోసే సామర్థ్యంతో, ప్రయాణించిన దూరంతో భాగించే ఈ లెక్కలో, లంగరు మీద జనరేటర్లు నడుపుతూ వారం రోజులు నిలబడ్డ ఓడకు దూరం పెరగదు, పొగ మాత్రం పెరుగుతుంది. రేవు చేసిన జాప్యానికి ఓడ శ్రేణి దిగజారడం నాకు న్యాయంగా కనిపించదు.

2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగిన ఓడలు వేల నాటికల్ మైళ్లు అదనంగా నడవవలసి వచ్చింది. కోల్పోయిన రోజులను రాబట్టుకోవడానికి కొన్ని వేగం పెంచాయి. ఇలాంటి సమయంలో గమ్యస్థానంలో బెర్తు ఎప్పుడు దొరుకుతుందో బయలుదేరేటప్పుడే తెలిస్తే, ఏ ఓడ పరుగెత్తాలో, ఏది నిదానించాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.

సరిగ్గా వేళకే చేరేలా ఓడను నడిపేందుకు వీలు కల్పించే షరతును ఓడల సంఘం బిమ్కో 2021లోనే తయారుచేసి ఇచ్చింది. దాన్ని ఒప్పందంలో చేర్చుకోవడానికి సరుకుదారులు ఒప్పుకోవాలి, మిగిలిన ఇంధనంలో వాటాలు ముందే రాసుకోవాలి, బెర్తు ఖాళీ అయ్యే వేళను రేవులు రోజూ నిజాయతీగా ప్రకటించాలి. ఈ మూడింటిలో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది చివరిదే. ఎందుకంటే తన క్రేన్లు ఎంత వెనకబడి ఉన్నాయో ఓడలన్నిటికీ తెలిసేలా ముందే చెప్పుకోవడానికి ఏ టెర్మినలూ సులభంగా సిద్ధపడదు.