ఖడక్‌వాస్లా మన రాష్ట్రంలోనే ఉంది

మహారాష్ట్రలో తెలుగువాళ్లుండే సిరొంచ, రాజురా, కిన్వట్, దెగ్లూరు వైపు పిల్లలకు ఎన్‌డీఏ (సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) గురించి నేర్పేది ఒకే ఒక బిట్టు: స్థాపన ఏ సంవత్సరం? ఒక గైడులో 1949 అని ఉంటుంది, ఇంకోదాంట్లో 1954, మరోదాంట్లో 1955. మూడూ నిజమే, ప్రశ్నే అరకొర. 1949 జనవరి 1న డెహ్రాడూన్‌లో మూడు దళాలకూ కలిపి జాయింట్ సర్వీసెస్ వింగ్ మొదలైంది. అదే ఏడు అక్టోబర్ 6న పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 డిసెంబర్ 7న అకాడమీ అక్కడ పని మొదలుపెట్టింది, 1955 జనవరి 16న ప్రారంభోత్సవం జరిగింది. దీన్ని ఢిల్లీలో 1960లో పెట్టిన నేషనల్ డిఫెన్స్ కాలేజీతో కలిపేసేవాళ్లూ ఉన్నారు. అది బ్రిగేడియర్ స్థాయి అధికారులు చదువుకునే చోటు, బారావీ (పన్నెండో తరగతి) పిల్లలకు దాంతో పనే లేదు.

అసలు చెప్పాల్సిన చరిత్ర వేరే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సూడాన్‌ను కాపాడుతూ మన సైనికులు ప్రాణాలిచ్చారు. ఆ కృతజ్ఞతతో సూడాన్ ప్రభుత్వం 1,00,000 పౌండ్లు ఇచ్చింది. దేశవిభజన తర్వాత మన వాటాకు 70,000 మిగిలాయి. ఆ డబ్బును అకాడమీ కట్టడానికి వాడారు. దాని ప్రధాన భవనానికి సూడాన్ బ్లాక్ అనే పేరు అందుకే. అప్పటి సైన్యాధిపతి ఆకిన్‌లెక్ నడిపిన కమిటీ 1946 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది: మూడు దళాల పిల్లలూ ఒకేచోట కలిసి పెరగాలని. పడవలకు జలాశయం, దగ్గర్లో లోహగావ్ విమానాశ్రయం, అందుబాటులో బొంబాయి రేవు, చుట్టూ కొండలు. అందుకే ఖడక్‌వాస్లా. భూమి ఇచ్చింది బొంబాయి రాష్ట్రం. అప్పటికి మన తాలూకాల్లో ఒక్కటీ బొంబాయిలో లేదు. దెగ్లూరు, కిన్వట్, రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, సిరొంచ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో. 1956లో పటం మారింది. మన చూపు మాత్రం గోదావరి అవతలే ఉండిపోయింది.

నా కోపమంతా అక్కడే. దహావీ (పదో తరగతి) అయ్యీ కాకముందే పిల్లలను అప్పుచేసి హైదరాబాద్ హాస్టళ్లలో పడేస్తున్నాం. మహారాష్ట్ర ప్రభుత్వం 1977 నుంచి ఛత్రపతి శంభాజీనగర్‌లో సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. దహావీ చదివే పిల్లగాళ్లకు ప్రవేశ పరీక్ష పెట్టి, అకరావీ, బారావీ రెండేళ్లూ ఎన్‌డీఏ కోసమే తయారుచేస్తుంది. కావాల్సింది మహారాష్ట్ర డొమిసైల్ (స్థిర నివాసం), అది మనకుంది. అమ్మాయిలకు నాసిక్‌లో ఇలాంటిదే ఉంది. సుప్రీంకోర్టు 2021లో అమ్మాయిలను ఎన్‌డీఏ పరీక్ష రాయనిచ్చింది. 2025 మే 30న మొదటి బ్యాచ్‌లో 17 మంది పాసై బయటికొచ్చారు. ఈ కబురు మన ఊళ్లకు తెలుగులో చెప్పినవాళ్లు ఎంతమంది?

ఇక పరీక్ష. మ్యాథ్స్ 120 ప్రశ్నలు, 300 మార్కులు. జనరల్ ఎబిలిటీ 150 ప్రశ్నలు, 600 మార్కులు, అందులో ఇంగ్లిష్‌కే 200. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు ఇంకో 900. మ్యాథ్స్‌లో ఒక్కో తప్పుకు 0.83 మార్కు పోతుంది. తెలియని 30 ప్రశ్నలకు గుడ్డిగా నింపి, అన్నీ తప్పితే 25 మార్కులు పోయినట్టే. అంటే 10 సరైన జవాబుల కష్టం మట్టిపాలు. పైగా ప్రతి పేపర్‌లోనూ విడిగా కనీస మార్కులు దాటాలి. ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగూ లేదు, మరాఠీ లేదు. డాక్టర్ అవుతాడని బయాలజీ ఇప్పించి మ్యాథ్స్ మాన్పిస్తే నేవీకీ, ఎయిర్‌ఫోర్స్‌కీ అర్హతే ఉండదు. ఆర్మీకి ఏ గ్రూపైనా చెల్లుతుంది గానీ ఆ 300 మార్కుల మ్యాథ్స్ పేపర్ మాత్రం తప్పదు.

పరీక్ష సెంటర్లు ముందు దరఖాస్తు చేసినవాళ్లకు ముందు దక్కుతాయి. చివరిరోజు దాకా ఆగితే హైదరాబాద్ నిండిపోయి ఎక్కడో దూరాన పడొచ్చు.

అన్నిటికంటే మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. మనింట్లో ఇంటిపేరు, పేరు, అంతే. ఆధార్‌లోనూ అలాగే రాయించుకుంటాం. మహారాష్ట్ర బోర్డు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు, పేరు, ఆ తర్వాత తండ్రి పేరు. దానికి తోడు తెలుగు ఇంటిపేరు మరాఠీలోకి, అక్కణ్నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ఒక అక్షరం ఎగిరిపోతుంది. ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీకి పేరైనా, పుట్టినతేదీ అయినా దహావీ సర్టిఫికెట్‌లో ఉన్నదే లెక్క. కాబట్టి బోర్డు ఫారం నింపకముందే బడికెళ్లి పిల్లల వివరాలుండే జనరల్ రిజిస్టర్ తెరిపించి, పేరు అక్షరం అక్షరం చూసి, తప్పుంటే అప్పుడే దిద్దించండి. ఆధార్‌ను తర్వాత దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. బడి వదిలాక రిజిస్టర్ దిద్దించాలంటే కాళ్లరిగేలా తిరగాలి, ఈలోగా వయసు పరిమితి 19½ దాటిపోతుంది.