ఫుల్సమ్ అన్న

హనుమకొండలో మొన్న ఒక నాయకుడికి సన్మానం జరిగింది. మైకు పట్టుకున్న తమ్ముడు గొంతు సవరించుకుని, "మన అన్నకు ఫుల్సమ్ స్వాగతం, ఫుల్సమ్ అభినందనలు" అన్నాడు. చప్పట్లు మోగాయి. అన్న చేతులు జోడించాడు. నా పక్కనున్న రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ మాత్రం కండువాలో మొహం దాచుకున్నాడు.

ఆ బాధేమిటో చాయ్ తాగేటప్పుడు చెప్పాడు. ఫుల్సమ్ అంటే నిండుగా అని కాదట, వెగటు పుట్టేటట్టు పొగడటమట. రెండు భక్ష్యాలకే కడుపు నిండినవాడి విస్తట్లో మూడోది వేసి, పైన నెయ్యి పోసి, "తినాల్సిందే" అని పట్టుబడతారు చూడండి, అట్లాంటిది. 13వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో దానికి సమృద్ధి అనే మంచి అర్థమే ఉండేదట. తర్వాత చెడిపోయింది, మన చెరువుల్లాగా. ఇప్పుడు ఆ పాత అర్థంలోనూ మళ్లీ వాడుతున్నారు కాబట్టి నిఘంటువులు రెండూ ఇస్తున్నాయి. లెక్చరర్ మాత్రం ఒప్పుకోడు. "తమ్ముడు తప్పు మాట్లాడిండు" అని తీర్పిచ్చాడు.

ఈ తీర్పు మీద నేను అప్పీలుకు వెళ్తున్నాను.

సాక్ష్యాలు చూడండి. స్టేజీ కంటే వెడల్పైన ఫ్లెక్సీ. అందులో అన్న తల కింద ముప్పై నలభై చిన్న తలలు, పాస్‌పోర్టు ఫొటోలు ఆరబెట్టినట్టు. సన్మాన పత్రంలో రుద్రమ ధైర్యం, కాళోజీ నిజాయితీ, రెండూ అన్నలోనే ఉన్నాయని రాశారు. అన్న ఇంతవరకు చేసిందేమిటంటే మా గల్లీ మోరీకి మూత వేయిస్తానని మాటివ్వడం. పొగడ్త మనకు కొత్త కాదు. అక్కడికి దగ్గర్లోనే వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం కాకతీయ రాజు రుద్రదేవుణ్ని సంస్కృతంలో తెగ పొగుడుతుంది. అయితే ఆయన మొదట గుడి కట్టించాడు. మోరీ మూత దగ్గర ఆగిపోలేదు.

కాబట్టి ఆ సాయంత్రానికి ఇంగ్లిష్ భాష మొత్తంలో అంతకంటే సరిపోయే మాట లేదు. తమ్ముడు నిండు స్వాగతం అనబోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలిసి అనుంటే మళ్లీ మైకు ముట్టనిచ్చేవాళ్లు కాదు, అది వేరే సంగతి.

మేం లేవబోతుంటే టెంట్ హౌస్ అతను వచ్చాడు. "సార్, మీరు ఇంగ్లిష్ చదివినోళ్లు. ఫుల్ సమ్ అని మైకుల చెప్పిన్రు గదా. నాకు అడ్వాన్సే ముట్టింది. మిగిలిన పైసలు ఎవలిస్తరు?"

లెక్చరర్ కండువా సర్దుకుని, "అసలు ఆ మాట 13వ శతాబ్దంల..." అని మొదలుపెట్టాడు. అతను కుర్చీలు ఎత్తుకుంటూనే విన్నాడు. అన్న కారు అప్పటికే చౌరస్తా దాటింది.