దత్తత ఫైళ్లు సంస్థల సొత్తు కాదు

తండాల్లో లంబాడా ఆడపిల్లల్ని కొని విదేశాలకు దత్తత పంపుతున్నారని 1999లోనూ, 2001లోనూ హైదరాబాద్‌లో ఎంత గొడవ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తల్లిదండ్రులు వదులుకున్న పిల్లల్ని దత్తతకివ్వడాన్ని 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపేసింది. అప్పటికే విదేశాలకు వెళ్లిపోయిన ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్లలో ఒకరొచ్చి "నేనెవరి బిడ్డని?" అని అడిగితే ఏ ఆఫీసులో ఏ బీరువా తెరవాలి?

నిబంధనలు లేక కాదు. పిల్లల పుట్టుక వివరాలు, ముఖ్యంగా తల్లిదండ్రులెవరు, ఆరోగ్య చరిత్ర ఏమిటి అన్నవి భద్రపరచాలని విదేశీ దత్తతలపై దేశాలు కుదుర్చుకున్న హేగ్ ఒప్పందం 30వ అధికరణం చెబుతోంది. 2003లో మన దేశం దానికి ఒప్పుకుంది. దత్తతల్ని చూసే కేంద్ర సంస్థ 'కారా' నిబంధనల్లో రూట్ సెర్చ్‌కీ, అంటే పెద్దయ్యాక తన పుట్టుక మూలాలు వెతుక్కోవడానికీ, చోటుంది. అసలు చిక్కంతా కాగితాల దగ్గరే.

పోలీస్ స్టేషన్ డైరీలో 'గుర్తు తెలియని ఆడశిశువు'. దత్తత సంస్థలో ఆయా పెట్టిన ముద్దుపేరు. ఆసుపత్రి రిజిస్టర్లో తల్లి పేరు మీద ఒక నమోదు. పాస్‌పోర్టులో పెంచినవాళ్ల ఇంటిపేరు. ఇవన్నీ ఒకే మనిషివని చెప్పే ఒక్క నంబరు లేకపోతే, కాగితాలన్నీ ఉన్నా మనిషి దొరకదు. స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో పడేస్తే పని అయిపోయినట్టు కాదు.

తప్పుడు కాగితాలని తేలినా పారేయకూడదు. ఆ వేలిముద్ర, ఆ సాక్షి సంతకమే రేపు ఆధారం. దక్షిణ కొరియాలో తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాసి పంపారని 2025లో అక్కడి సత్యశోధన కమిషన్ తేల్చింది. అదే ఏడాది ప్రైవేటు సంస్థల దగ్గరున్న దత్తత రికార్డుల బాధ్యతను ప్రభుత్వ సంస్థకి అప్పగించారు. మనమెందుకు చేయలేం?

తల్లి పరువు సంగతేంటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెళ్లి కాకుండా బిడ్డను కని, ఎవరికీ చెప్పకుండా బతుకుతున్న ఆవిడ గడప ముందు ఎవరూ హఠాత్తుగా నిలబడకూడదు. ఆవిడ పేరు, ఊరు ఆవిడ ఒప్పుకునేదాకా మూసే ఉంచండి. కానీ పుట్టినప్పటి బరువు, దొరికిన జిల్లా, ఇంట్లో ఉన్న జబ్బులు ఇవ్వడానికి ఏం అడ్డం? "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?" అన్న డాక్టర్‌కి నలభై ఏళ్ల మనిషి ఏం చెప్పాలి? "నా బిడ్డ వెతికితే నన్ను కలవొచ్చు" అని తల్లే రాసిపెట్టుకునే వీలూ ఉండాలి.

2014లో రాష్ట్రం విడిపోయింది. గుంటూరులో పుట్టి హైదరాబాద్ సంస్థ నుంచి వెళ్లిన బిడ్డ రెండు ప్రభుత్వాల మధ్య తిరగాల్సిన పని లేదు. ఇద్దరికీ కలిపి ఒకే సూచిక తయారు చేయండి. మూతపడిన సంస్థల ఫైళ్లతోనే మొదలుపెట్టండి.